డాన్యూబ్ నదిపై ఏడుగురి పట్టాభిషేకం: కానన్ చట్టం కోణంలో ఒక కేసు

2002 జూన్ 29, పునీత పేతురు పౌలుల పండుగ. కత్తోలిక సంఘాల్లో అతి పెద్దదైన లాటిన్ శ్రీసభలో ఎన్నో మేత్రాసనాలు (బిషప్పు పాలించే ప్రాంతాలు) గురుపట్టాభిషేకాలకు, అంటే గురువులను నియమించే సంస్కారాలకు, ఎంచుకునే రోజు అది. ఆ రోజు జర్మనీ, ఆస్ట్రియా సరిహద్దులో, పాసౌ దగ్గర డాన్యూబ్ నదిలో ఒక ఓడ మీద ఏడుగురు కత్తోలిక మహిళలు ఆల్బు అనే తెల్లని పొడవాటి పూజా వస్త్రం ధరించి పట్టాభిషేకానికి నిలబడ్డారు. క్రిస్టీనే మాయర్ లూమెట్స్‌బెర్గర్, అడెలిండే తెరేసియా రోయిటింగర్, గీసెలా ఫోర్స్టర్, ఈరిస్ ముల్లర్, ఈడా రామింగ్, పియా బ్రున్నర్ ఆరుగురు. ఏడో ఆమె ఆంజెలా వైట్ అనే మారుపేరుతో వచ్చారు. ఆమె అమెరికాలో ఒహైయో రాష్ట్ర మాజీ గవర్నర్ మాజీ భార్య డాగ్మార్ సెలెస్ట్ అని తర్వాత బయటపడింది. పట్టాభిషేకం జరిపించినది అర్జెంటీనాకు చెందిన రోములో అంతోనియో బ్రాస్కీ. అప్పటికే ఆయన రోమ్‌తో తెగతెంపులు చేసుకుని, సొంత సమూహం పెట్టుకుని, బిషప్పుగా చెలామణి అవుతున్నారు.

మహిళలకు గురుత్వం ఇవ్వాలా వద్దా అన్న చర్చలో ఈ కేసు ఎక్కడ చూసినా కనిపిస్తుంది. ఎక్కువగా ఒకే వాక్యంలో ముగిసిపోతుంది: ‘ఏడుగురు పట్టం పొందారు, వాటికన్ వెలివేసింది.’ ఆ ఒక్క వాక్యంలో వేర్వేరు ప్రశ్నలు నాలుగు కలిసిపోయాయి. పట్టం ఇచ్చినవారికి ఆ అధికారం ఉందా? పొందినవారు పొందగలిగేవారేనా? జరిగినది చట్టం దృష్టిలో నేరమా? నేరమైతే దానికి శిక్ష ఎలా పడుతుంది? వీటిని విడదీయకుండా ఈ కేసు గురించి ఎవరేం చెప్పినా సగమే నిజమవుతుంది.

ఓడ ఎందుకు

నది మీద చేస్తే ఏ మేత్రాసనం పరిధిలోకీ రాదని, ఏ బిషప్పూ అడ్డుకోలేరని చాలామంది రాశారు. పోలీసు పరంగా, ఆస్తి పరంగా అందులో కొంత అర్థం ఉంది. చర్చి భవనం కాదు కాబట్టి తలుపు వేయడానికి ఎవరికీ హక్కు లేదు. శ్రీసభ సొంత చట్టమైన కానన్ చట్టంలో మాత్రం ఆ లెక్క చెల్లదు. నేరం జరిగిన చోటి న్యాయస్థానంతో పాటు నిందితుల నివాస స్థలం ఉన్న న్యాయస్థానానికీ అధికారం ఉంటుంది (1408, 1412 కానన్లు, అంటే ఆ చట్టంలోని నిబంధనలు). సంస్కారాల (జ్ఞానస్నానం, గురుపట్టం లాంటి పవిత్ర కార్యాల) విషయంలో ఘోరమైన నేరాలైతే నేరుగా రోమ్‌లోని విశ్వాస సిద్ధాంత సంఘమే (2022 నుంచి విశ్వాస సిద్ధాంత విభాగం) చేపట్టవచ్చు. నీళ్ల మీద నిలబడినంత మాత్రాన ఆ ఏడుగురూ తమ తమ మేత్రాసనాల సభ్యులు కాకుండా పోలేదు.

జరిగిన తంతు

కత్తోలిక గురుపట్టాభిషేకంలో తంతులు చాలా ఉంటాయి. అభ్యర్థిని పేరుపెట్టి పిలవడం, విధేయతా ప్రమాణం, నేలమీద బోర్లా పడుకుని ఉండగా సకల పునీతుల ప్రార్థన, హస్తనిక్షేపణ, అభిషేక ప్రార్థన, స్తోలా, కాసుల అనే పూజా వస్త్రాలు తొడగడం, అరచేతులకు క్రిస్మ అనే పవిత్ర తైలం పూయడం, రొట్టె ఉన్న పళ్లెం, ద్రాక్షారసం ఉన్న పాత్ర చేతికివ్వడం. చూసేవారి కంటికి తైలం, పాత్ర ముఖ్యంగా కనిపిస్తాయి. సంస్కారాన్ని సంస్కారం చేసేవి అవి కావు. 12వ పయస్ పోపు గారు 1947 నవంబరు 30న దీన్ని తేల్చారు. బిషప్పు మౌనంగా అభ్యర్థి తల మీద చేతులు ఉంచడం, ఆ తర్వాత చదివే అభిషేక ప్రార్థనలోని సారమైన మాటలు, ఈ రెండే. మిగతావి వివరించేవి. కాబట్టి ‘వాళ్లకు తైలం పూశారు, అందుకే చెల్లుతుంది’ అని గానీ, ‘ఓడలో పీఠం సరిగా లేదు, అందుకే చెల్లదు’ అని గానీ వాదించడం పక్కదారి పట్టడమే.

సంస్కారం చెల్లుబాటును పరీక్షించేటప్పుడు ఐదు విషయాలు వరుసగా చూడాలి. చేసిన పని సరైనదేనా, పలికిన మాటలు సరైనవేనా, చేసినవారి ఉద్దేశం శ్రీసభ చేసేది చేయడమేనా, ఇచ్చేవారికి ఆ శక్తి ఉందా, పొందేవారు పొందగలిగేవారేనా. డాన్యూబ్ కేసులో మొదటి మూడింటి మీద పెద్ద గొడవ లేదు. ఆ ఏడుగురూ లాటిన్ శ్రీసభ తంతునే కావాలనుకున్నారు. కొత్త మతం పెట్టడం వాళ్ల ఉద్దేశం కాదు. అపొస్తలుల నుంచి చేతుల ద్వారా వచ్చిన పరంపరలోనే నిలబడాలని వాళ్ల పట్టుదల. అందుకే బిషప్పును వెతుక్కున్నారు. బిషప్పు లేకుండా సమాజం తనకు తానే గురువును ఎన్నుకోవచ్చన్న ప్రొటెస్టెంట్ వాదం వాళ్లది కాదు. ఈ సంగతిని వాళ్లను సమర్థించేవారూ విమర్శించేవారూ తరచూ మరిచిపోతారు.

చిక్కంతా నాలుగు, ఐదు దగ్గరే. నాలుగోది బ్రాస్కీ. రోమ్ కాగితాలు ఆయనను ఒక చీలిక సమూహ స్థాపకుడిగా పేర్కొన్నాయి. అలాంటి వ్యక్తి చేతుల మీదుగా పట్టం పొందడం శ్రీసభ ఐక్యత మీద దెబ్బ అని చెప్పాయి. కేసు తేలడానికి ఐదో అంశమే చాలునని వాటి వైఖరి.

ఏడు లాటిన్ మాటలు

ఐదో అంశం 1024వ కానన్. లాటిన్‌లో మొత్తం ఏడే మాటలు: ‘సాక్రామ్ ఓర్దినాత్సియోనెమ్ వాలిదే రెచిపిత్ సోలుస్ వీర్ బాప్తిజాతుస్.’ జ్ఞానస్నానం పొందిన పురుషుడు మాత్రమే పవిత్ర పట్టాభిషేకాన్ని చెల్లుబాటుగా పొందుతాడు. ఇందులో మూడు మాటలను దగ్గరగా చూడాలి.

‘వీర్’ అంటే మగవాడు. మనిషి అనడానికి లాటిన్‌లో ‘హోమో’ ఉంది. అది వాడలేదు. అనువాదంలో జారిపోయిన మాట కాదిది, ఎంచి పెట్టిన మాట. ‘వాలిదే’ అంటే చెల్లుబాటుగా. ‘న్యాయబద్ధంగా’ అని రాసి ఉంటే, పురుషుడు కాని వ్యక్తికి ఇచ్చిన పట్టం నిషిద్ధమే గానీ ఇచ్చినది ఇచ్చినట్టే ఉండేది. ‘చెల్లుబాటుగా’ అనడంతో ఏమీ జరగలేదని అర్థం. ‘సాక్రామ్ ఓర్దినాత్సియోనెమ్’ అంటే గురుత్వం ఒక్కటే కాదు. డీకన్ (గురువుకు కింది మెట్టు సేవకుడు), గురువు, బిషప్పు మూడు మెట్లూ. ఈ మూడో సంగతి చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఈ కానన్ 1983 స్మృతిలోది, అంటే కానన్ల సంపుటిలోది. 1917 స్మృతిలో 968వ కానన్ మొదటి భాగంలో ఇవే మాటలు ఉండేవి. ఓడ ఎక్కిన ఈడా రామింగ్ ఈ 968వ కానన్ చరిత్ర మీదే డాక్టరేట్ పరిశోధన చేసిన వేదాంతి. 12వ శతాబ్దంలో గ్రాషియన్ కూర్చిన చట్ట సంకలనంలోకి ఆడవాళ్లను తక్కువ చేసే పాత మాటలు ఎలా చేరాయో, వాటి నీడ తర్వాతి చట్టం మీద ఎలా పడిందో ఆమె విడమరిచి చూపించారు. అంటే ఆ కానన్ ఏం చెబుతుందో ఆ ఓడలో ఉన్నవారికి బాగా తెలుసు. తెలిసి, ఆ కానన్ మూలమే తప్పని నమ్మి చేశారు. ఆ తర్వాత వాళ్ల వాదనంతా ఆ నమ్మకం మీదే నిలిచింది.

బ్రనో: పక్కన పెట్టి చూడాల్సిన కేసు

డాన్యూబ్ కేసులో ఇచ్చేవారి వైపు కూడా సందేహం ఉంది కాబట్టి, అసలు ప్రశ్న ఒక్కటే మిగిలేలా చూడాలంటే అప్పటి చెకోస్లొవేకియాలోని బ్రనో నగరానికి వెళ్లాలి. కమ్యూనిస్టు పాలనలో అక్కడ రహస్య శ్రీసభ నడిచింది. ఫెలిక్స్ మరియా దావిదెక్ అనే గురువు 14 ఏళ్లు జైల్లో ఉండి 1964లో బయటికొచ్చారు. 1967 అక్టోబరులో యాన్ బ్లాహా చేతుల మీదుగా రహస్యంగా బిషప్పు అయ్యారు. బ్లాహా ఆ ఏడాదే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో గురుపట్టం పొంది, ఆ తర్వాత రోమ్‌తో సంబంధం ఉన్న బిషప్పు చేతుల మీదుగా బిషప్పు అయ్యారు. బ్రాస్కీ పరంపరకూ ఈ పరంపరకూ పోలికే లేదు.

దావిదెక్ ముందున్న సమస్య చాలా నిర్దిష్టమైనది. జైళ్లలో ఆడ ఖైదీలు, కన్యాస్త్రీలు సంవత్సరాల తరబడి సంస్కారాలు లేకుండా ఉన్నారు. మగ గురువు ఆ జైళ్లలో అడుగు పెట్టలేడు. ఆ రహస్య సమూహం 1970 క్రిస్మస్ రోజుల్లో కోబెర్జిత్సె అనే ఊళ్లో సమావేశమై ఈ విషయం చర్చించింది. అభిప్రాయాలు దాదాపు సగం సగంగా చీలిపోయాయి, సమూహమే రెండుగా విడిపోయింది. డిసెంబరు 28న దావిదెక్ తన వికార్ జనరల్‌గా (బిషప్పు తరఫున పాలన చూసే సహాయకురాలిగా) పనిచేస్తున్న లుద్మిలా యావొరోవాకు గురుపట్టాభిషేకం చేశారు. పాలన పడిపోయాక, 1990ల మధ్యలో ఆమె ఈ సంగతి బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఇక్కడ నాలుగో అంశం నిలబడుతుంది. మిగిలేది ఐదోది ఒక్కటే. ఆ రహస్య సమూహంలో పట్టం పొందిన మగవారి విషయంలో రోమ్ ఏం చేసింది? పట్టం చెల్లిందో లేదో అనుమానం ఉంది కాబట్టి ‘ఒకవేళ ఇదివరకు పొంది ఉండకపోతే’ అన్న షరతుతో మళ్లీ పట్టాభిషేకం చేయించుకోమంది. పెళ్లయినవారికి, పెళ్లయిన గురువులను అనుమతించే గ్రీకు కత్తోలిక పరిధిలో చోటు చూపింది. యావొరోవా విషయంలో షరతుతో మళ్లీ ఇవ్వడం అన్న ప్రశ్నే రాలేదు. అనుమానం ఉన్న చోటే షరతు ఉంటుంది. ఆమె విషయంలో రోమ్‌కు అనుమానమే లేదు, పట్టం శూన్యమని తేల్చేసింది. బహిరంగ శిక్షా ప్రకటనేదీ ఆమె మీద రాలేదు. ఆ పట్టంతో గురుత్వ విధులు చేయకూడదన్న నిషేధం వచ్చింది. ఆమె మౌనంగా ఒప్పుకున్నారు. ఈ రెండు కేసులనూ పక్కపక్కన పెడితే చెల్లుబాటు వేరు, శిక్ష వేరు అన్నది వివరించనక్కర లేకుండా కనిపిస్తుంది.

శిక్ష ఎలా పడింది

2002లో ఉన్న చట్టం ప్రకారం, మహిళ పట్టం పొందడానికి ప్రయత్నిస్తే ఆటోమేటిక్‌గా వెలి పడుతుందని రాసిన కానన్ ఒక్కటీ లేదు. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగించే విషయం. అప్పటి స్మృతిలో దగ్గరగా ఉన్నవి రెండు. ఒకటి, సంస్కారాన్ని నటిస్తే ‘న్యాయమైన శిక్ష’ వేయాలన్న 1379. రెండోది, గురుత్వం లేనివారు దివ్యబలిపూజ అర్పించడానికి ప్రయత్నిస్తే సంస్కారాలకు దూరంగా ఉంచే శిక్ష తనంతట తానే పడుతుందన్న 1378 రెండో భాగం. వెలి అన్న మాట రెండింటిలోనూ లేదు.

కాబట్టి రోమ్ హెచ్చరికతో మొదలుపెట్టింది. కానన్ చట్టంలో వెలి లాంటి దిద్దుబాటు శిక్ష వేయాలంటే ముందు కనీసం ఒక్కసారైనా హెచ్చరించి, మనసు మార్చుకోవడానికి తగిన సమయం ఇవ్వాలి. ఇవ్వకపోతే శిక్షే చెల్లదు (1347). జూలై 10న విశ్వాస సిద్ధాంత సంఘం అధిపతి కార్డినల్ రాట్సింగర్ సంతకంతో హెచ్చరిక వచ్చింది. జరిగినది సంస్కారాన్ని నటించడమని, శూన్యమని అందులో ఉంది. రెండు పనులు అడిగింది: పట్టం శూన్యమని ఒప్పుకోవాలి, పశ్చాత్తాపం తెలిపి క్షమాపణ కోరాలి. గడువు జూలై 22. అది పునీత మగ్దలా మరియ పండుగ రోజు. ఉత్థాన వార్తను అపొస్తలులకు మొదట తెచ్చిన స్త్రీ పండుగను గడువుగా పెట్టడం ఆ ఏడుగురిని ఎంత గుచ్చుకుని ఉంటుందో ఊహించవచ్చు. హెచ్చరిక తేదీకీ గడువుకూ మధ్య 12 రోజులు.

ఎవరూ వెనక్కి తగ్గలేదు. ఆగస్టు 5న వెలి ఉత్తర్వు వచ్చింది. వాళ్లు దాన్ని రద్దు చేయమని అర్జీ పెట్టారు. డిసెంబరులో ఆ సంఘం కూర్చుని చర్చించి, 21వ తేదీ ఉత్తర్వుతో అర్జీని తోసిపుచ్చింది. ఈ కేసులో శ్రద్ధగా చదవాల్సిన కాగితం ఇదే. ఇది తనంతట తాను పడిన శిక్ష కాదని ఆ ఉత్తర్వే ఒప్పుకుంది. హెచ్చరించి, వినకపోతే వేసిన శిక్ష అంది. ఆజ్ఞ ద్వారా శిక్ష విధించే అధికారం తనకుందని 1319ని చూపించింది. నేరం తీవ్రతకు రెండు కారణాలు చెప్పింది: చీలిక బిషప్పుతో కలిసి చీలికలో పాలుపంచుకోవడం ఒకటి, నిశ్చయంగా పట్టుకోవాల్సిన బోధను మొండిగా కాదనడం రెండోది.

ఆ ఉత్తర్వుతో ఏకీభవించకపోయినా దాని పద్ధతిని మెచ్చుకోవాలి. చట్టంలో లేని శిక్షను చట్టంలో ఉన్నట్టు చూపించలేదు. హెచ్చరిక, గడువు, ఉత్తర్వు, అర్జీ, అర్జీకి జవాబు: ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి ఇంకో మనిషికి కాగితం రాశాడు. తలుపు కొంచెం తెరిచే ఉంది.

2007 తర్వాత ఆ తలుపు

ఆ తర్వాత ఇలాంటివి పెరిగాయి. 2005 జూలైలో కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద, 2006లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర నది మీద. ప్రతి కేసుకూ హెచ్చరిక, గడువు, ఉత్తర్వు నడిపించడం రోమ్‌కు భారమైంది. 2007 డిసెంబరు 19న విశ్వాస సిద్ధాంత సంఘం ఒక సాధారణ ఉత్తర్వు చేసింది. 2008 మే 30న అది వాటికన్ పత్రికలో అచ్చయింది. మహిళకు పట్టం ఇవ్వడానికి ప్రయత్నించినవారికీ, పొందడానికి ప్రయత్నించిన మహిళకూ ఆ క్షణమే వెలి. దాన్ని ఎత్తివేసే అధికారం పోపు పీఠానికే. 2010లో దీన్ని పీఠానికి రిజర్వు చేసిన ఘోర నేరాల జాబితాలో చేర్చారు. పిల్లల మీద గురువులు చేసే లైంగిక నేరాలు కూడా అదే జాబితాలో ఉండటంతో, రెంటినీ ఒక గాటన కట్టారని లోకమంతా మండిపడింది. విశ్వాసం, సంస్కారాలు, నీతి అని విభాగాలు వేరే అని వాటికన్ వివరించింది. సాంకేతికంగా అది నిజమే, ఆ గాయం మాత్రం మానలేదు. 2021 మేలో ఫ్రాన్సిస్ పోపు గారు శిక్షల భాగమంతా తిరగరాయించారు. అదే సంవత్సరం డిసెంబరు 8 నుంచి ఇది 1379వ కానన్ మూడో భాగంగా స్మృతిలోకే ఎక్కింది. పట్టం ఇచ్చినవారు గురువైతే గురుత్వ హోదా నుంచే తొలగించవచ్చన్న మాటా అందులో ఉంది.

ఇప్పుడు ఎవరూ ఎవరికీ కాగితం రాయనక్కర లేదు. 2002లో ఉన్న 12 రోజుల గడువు ఇప్పుడు లేదు. మహిళల గురుత్వం మీద ఏ అభిప్రాయం ఉన్నా సరే, ఇది నష్టమే. 1341వ కానన్ ప్రకారం శిక్ష ఆఖరి మార్గం. సోదర భావంతో సరిదిద్దడం, మందలించడం ముందు జరగాలి. తనంతట తాను పడే శిక్షలో ఆ ముందు అనేదే ఉండదు. శిక్షను చట్టంలో బిగించడం వల్ల వేగం వచ్చింది, మాట్లాడుకునే అవకాశం పోయింది.

ఈరోజు ఇలాంటి కేసు చేతికొస్తే

మొదట ఆమె ఏ శ్రీసభకు చెందినదో కనుక్కోవాలి. తెలుగు నేల మీద ఇది లాంఛనం కాదు. హైదరాబాదులో లాటిన్ మేత్రాసనం ఉంది. పక్కనే 2017లో ఏర్పడిన షంషాబాద్ సీరో మలబార్ మేత్రాసనం ఉంది. సీరో మలబార్ అంటే పోపు గారి కిందే ఉన్నా సొంత స్మృతి ఉన్న తూర్పు శ్రీసభల్లో ఒకటి. ఆదిలాబాదు కూడా సీరో మలబార్ పరిధే. లాటిన్ సభ్యురాలైతే 1379 వర్తిస్తుంది, శిక్ష ఆ క్షణమే పడుతుంది. తూర్పు శ్రీసభ సభ్యురాలైతే తూర్పు స్మృతి వర్తిస్తుంది. అందులో తనంతట తాను పడే శిక్షలే ఉండవు. పెద్ద వెలి విధించాలంటే ప్రక్రియ నడవాలి. ఒకే వీధిలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు ఒకే పని చేసినా ఒకరికి శిక్ష పడి ఉంటుంది, ఇంకొకరికి ఇంకా పడి ఉండదు.

కత్తోలిక కానివారైతే ఈ చట్టమే వర్తించదు. 11వ కానన్ ప్రకారం శ్రీసభ చేసిన చట్టాలు కత్తోలిక శ్రీసభలో జ్ఞానస్నానం పొందినవారికి, లేదా అందులో చేర్చుకున్నవారికి మాత్రమే. 2013లో ఎగ్గోని పుష్ప లలిత గారు దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పుగా నంద్యాల మేత్రాసనం బాధ్యత తీసుకున్నారు. ఆమెను రోమ్ ఎందుకు వెలివేయలేదని అడిగేవారున్నారు. వెలివేయడానికి ఆమె ఆ ఇంటి సభ్యురాలే కాదు.

రెండోది, మినహాయింపులు చూడాలి. 16 ఏళ్లు నిండనివారికి శిక్ష లేదు. ఆ పనికి శిక్ష ఉందని తన తప్పు లేకుండా తెలియనివారికి తనంతట తాను పడే శిక్ష అంటదు (1324). డాన్యూబ్ లాంటి కేసుల్లో ఈ దారి దాదాపు దొరకదు. వాళ్లంతా చట్టం చదివే వస్తారు.

మూడోది, పక్కన ఉన్నవారి సంగతి. శిక్షా చట్టాన్ని ఇరుకుగానే అర్థం చేసుకోవాలి (18వ కానన్). పాట పాడినవారు, కుర్చీలు వేసినవారు, ఫొటో తీసినవారు ‘ఇచ్చినవారు’ కారు, ‘పొందినవారు’ కారు. వారి సాయం లేకుండా ఆ నేరం జరిగే అవకాశమే లేదంటేనే సహ నేరస్తుల గురించిన 1329 కిందికి వస్తారు. అమెరికాలో మేరీనోల్ మిషనరీ సంఘానికి చెందిన గురువు రాయ్ బుర్జ్వా 2008 ఆగస్టులో కెంటకీలో జరిగిన పట్టాభిషేకంలో పాల్గొని ప్రసంగించారు. రోమ్ ఆయనకు 30 రోజుల గడువిచ్చింది. ఆయన మాట వెనక్కి తీసుకోలేదు. 2012లో ఆయనను గురుత్వం నుంచి, సంఘం నుంచి తొలగించారు. ఆయన ఫైలు భారమవడానికి ఆ రోజు పాల్గొనడం ఒక్కటే కాక, ఆ తర్వాత బహిరంగంగా అదే మాట మీద నిలబడటం కూడా కారణం.

నాలుగోది, శిక్ష పడిందా, ప్రకటించారా. తరచూ తప్పు జరిగేది ఇక్కడే. తనంతట తాను పడిన వెలి ఆమె మనస్సాక్షిని కట్టేస్తుంది. ఆమె సంస్కారాలు తీసుకోకూడదు, ఏ పదవీ చేపట్టకూడదు. అది అధికారికంగా ప్రకటించాకే బయటి ఫలితాలు పూర్తిగా వస్తాయి. 915వ కానన్ కింద ‘వెలి పడింది’ అన్న కారణంతో దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) నిరాకరించాలంటే ఆ శిక్ష విధించబడిగానీ ప్రకటించబడిగానీ ఉండాలి. విచారణ గురువు (స్థానిక చర్చి గురువు) పేపర్లో వార్త చదివి తనంతట తానే బలిపీఠం దగ్గర నిరాకరిస్తే, ఆయన వేరే కారణం చూపించాల్సి వస్తుంది.

ఐదోది, తిరిగి వచ్చే దారి. వెలి అంటే జ్ఞానస్నానం రద్దు కాదు, ఆమె క్రైస్తవురాలు కాకుండా పోదు. మొండితనం విడిచిన మనిషికి విమోచనం నిరాకరించకూడదని 1358 చెబుతుంది. బహిరంగ పక్షాన విశ్వాస సిద్ధాంత విభాగానికి, పాపసంకీర్తన (గురువుకు పాపాలు చెప్పుకోవడం) రహస్యంలోని విషయమైతే రోమ్‌లో మనస్సాక్షి విషయాలు చూసే పెనిటెన్షియరీకి రాయాలి. అంతవరకు ఆగడం మనిషికి కష్టమైతే, శిక్ష ప్రకటించబడి ఉండకపోతే, పాపసంకీర్తనం వినే గురువే విడిపించవచ్చు. ఒక నెలలోపు రోమ్‌కు రాయాలన్న షరతు ఉంటుంది (1357). చావు బతుకుల్లో ఉంటే ఏ గురువైనా విడిపించవచ్చు (976).

వాదన అసలు ఎక్కడ ఆగింది

చట్టం చివరి మాట కాదు, దాని కింద బోధ ఉంది. 1976 అక్టోబరు 15 తేదీతో వచ్చిన విశ్వాస సిద్ధాంత సంఘం ప్రకటన, యేసు పన్నెండుమందినీ పురుషుల్లోంచే ఎంచుకోవడాన్ని, రెండు వేల ఏళ్ల ఆచారాన్ని, బలిపూజలో గురువు క్రీస్తుకు ప్రతిరూపంగా నిలబడటాన్ని ఆధారంగా చూపింది. అదే సంవత్సరం పోపు గారి బైబిల్ కమిషన్‌లోని 17 మంది పండితులు, కొత్త నిబంధన ఒక్కదానితో ఈ విషయం స్పష్టంగా తేలదని ఏకగ్రీవంగా అన్నారు. స్త్రీలకు గురుత్వం ఇస్తే క్రీస్తు సంకల్పానికి విరుద్ధం కాదని 12 మంది, అవుతుందని ఐదుగురు అన్నారు. ఆ నివేదిక వాటికన్ అధికారికంగా విడుదల చేసినది కాదు, బయటికి పొక్కినది. సమర్థకులు ఇప్పటికీ దాన్నే ముందు పెడతారు.

1994 మే 22న రెండో జాన్ పాల్ పోపు గారు చిన్న లేఖతో చర్చ ముగించాలనుకున్నారు. మహిళలకు గురుత్వం ఇచ్చే అధికారం శ్రీసభకు ఏమాత్రం లేదని, ఈ తీర్పును విశ్వాసులందరూ నిశ్చయంగా పట్టుకోవాలని అందులో ఉంది. ‘ఇవ్వకూడదు’ అనలేదు, ‘ఇచ్చే అధికారం లేదు’ అన్నారు. పద్ధతి మార్చుకునే స్వేచ్ఛ తనకే లేదని శ్రీసభ చెబుతున్నట్టు లెక్క. 1995 అక్టోబరులో ఇది లోకమంతటి బిషప్పుల సాధారణ బోధ ద్వారా దోషరహితంగా, అంటే తప్పుకు ఆస్కారం లేనిదిగా, చెప్పబడిందని రోమ్ జవాబిచ్చింది. విమర్శకులు 749వ కానన్ మూడో భాగాన్ని ముందుకు తెస్తారు: స్పష్టంగా రుజువు కాని పక్షంలో ఏ సిద్ధాంతాన్నీ దోషరహితంగా నిర్వచించినట్టు భావించరాదు. అది నిర్వచనం గురించిన కానన్, ఇది నిర్వచనం కాదు, బోధ అని రోమ్ వైపువారు బదులిస్తారు. వాదన ఈ గడప దగ్గరే ఆగి ఉంది. దీన్ని శిక్షా ఉత్తర్వులు దాటించలేవు, ఓడ మీది పట్టాభిషేకాలూ దాటించలేవు.

చట్టంలో ఒక మాట తీసేయడం ఎంత తేలికో 2021 జనవరిలో అందరూ చూశారు. పఠన సేవకులు, బలిపీఠ సేవకుల నియామకానికి సంబంధించిన 230వ కానన్‌లో ‘వీరీ’ అన్న మాట ఉండేది, అంటే మగవారు. ఫ్రాన్సిస్ పోపు గారు ఆ మాట తీసేశారు. ఆ రోజు నుంచి స్త్రీలు కూడా ఆ సేవలకు శాశ్వతంగా నియమితులు కావచ్చు. 1024లోని ‘వీర్’ను అలాగే తీసేయవచ్చు కదా అని అడిగేవారికి రోమ్ ఇచ్చే జవాబు ఇదే: 230లోనిది శ్రీసభ పెట్టుకున్న నియమం, 1024 వెనక ఉన్నది దేవుడు పెట్టిన నియమమని తన నమ్మకం. ఆ నమ్మకం తప్పని రుజువు చేయాల్సిన బాధ్యత సమర్థకుల మీద ఉంది. ఆ పని వేదాంతంలో జరగాలి.

డీకన్ల విషయం వేరు. 1994 లేఖ గురుత్వం గురించే మాట్లాడింది, డీకన్ సేవ గురించి కాదు. 2009లో 1008, 1009 కానన్లను సవరించి, డీకన్లను క్రీస్తు శిరస్సు స్థానంలో నిలబడే గురువు, బిషప్పుల నుంచి వేరుచేశారు. 2024 అక్టోబరులో ముగిసిన సినడ్ (బిషప్పుల మహాసభ) చివరి పత్రంలో 60వ పేరా, స్త్రీల డీకన్ సేవ ప్రశ్న ఇంకా తెరిచే ఉందని అంది. ఆ పత్రంలో ఎక్కువ వ్యతిరేక ఓట్లు పడినది ఆ పేరాకే: 258 అనుకూలం, 97 వ్యతిరేకం. అలా ఉన్నా 1024 ‘గురుత్వం’ అనలేదు, ‘పవిత్ర పట్టాభిషేకం’ అంది. 1379 కూడా అంతే. తెరిచే ఉందని సినడ్ చెప్పిన ప్రశ్నకు ఈరోజు ఎవరైనా చేతలతో జవాబిస్తే, ఇచ్చిన బిషప్పుకూ పొందిన స్త్రీకీ అదే వెలి పడుతుంది. ఆ దారి నిజంగా తెరవాలంటే ముందు సవరించాల్సినవి ఈ రెండు కానన్లు. 1024లో గురువు, బిషప్పు మెట్ల నుంచి డీకన్ మెట్టును విడదీయాలి. 1379 మూడో భాగంలో ‘పవిత్ర పట్టం’ అన్నచోట ‘గురుత్వ పట్టం’ అని రాయాలి.